కారుకి కవరు కప్పకండి

పోయిన నెల మా కాలేజీ బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. హైదరాబాదులో స్థిరపడ్డ మిత్రుడొకడు తన కార్ల షెడ్డు చూపించాడు. ఏసీ గది, మొహం కనిపించేంత నున్నటి నేల, వరసగా నాలుగు కార్లు, నాలుగింటి మీదా బూడిదరంగు కవర్లు. కింద ఇలా రాశాడు: "మూడోది నా హోండా సిటీ వీటెక్. 5 ఏళ్ళలో 300 కిలోమీటర్లు కూడా తిరగలేదు. కొత్త పెళ్ళికూతురిలా ఉంది." ఇక చూస్కోండి, చప్పట్లు, గుండెలు, దండాలు. నేనూ ఓ చప్పట్ల బొమ్మ పెట్టి ఫోను పక్కన పడేశాను. కాఫీ తాగుతూ కాసేపు కూర్చుని, మళ్ళీ ఫోను తీసి ఆ చప్పట్లు వెనక్కి తీసుకున్నాను.

వాడు గమనించాడో లేదో తెలీదు. గ్రూపులో చెబితే నొచ్చుకుంటాడు. పైగా మిగతావాళ్ళు "నీ కారు అమ్ముకున్నావుగా, అందుకే కుళ్ళు" అంటారు. కుళ్ళు కొంత ఉంది, కాదనను. అయినా నా మాట నాది. నడిచే కారుని నడపకుండా మూసిపెట్టడం దాన్ని చూసుకోవడం కిందకి రాదు. లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి అరకిలోమీటరు దూరంలో, నేనే ఒక మంచి కారుకి రెండేళ్ళపాటు కవరు కప్పి చంపినంత పని చేశాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను.

లీటరుకి ఎంతిస్తాదిరా?

నాది ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్. 2002 నాటిది, ఏపీ 31 నంబరు, ఎరుపు. ఈ పేరు వినగానే కొంతమంది మొహంలో ఒక రకం నవ్వు వస్తుంది, వాళ్ళకి నేనేమీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి ఒక్క ముక్క. ఊళ్ళో చాలామంది నడిపింది 1.2 పాలియో. మాది 1,596 సీసీ, 16 వాల్వులు, 100 హార్స్‌పవర్. మారుతి 800 నలభై కూడా లేకుండా దేశమంతా తిరిగొస్తున్న రోజుల్లో ఒక చిన్న కారుకి 100 అంటే, బుల్లెట్ ఇంజను పీకి సైకిలుకి బిగించినట్టే.

మా బావమరిది ఒప్పుకోడు. "పాలియో క్లాసిక్ ఏంటి బావా, క్లాసిక్ అంటే కాంటెస్సా" అంటాడు. మా పాత వీధిలో ఒక కాంట్రాక్టరు గారికి కాంటెస్సా ఉండేది. ఆయన వస్తుంటే పిల్లలం గోళీలాట ఆపి నిలబడేవాళ్ళం. నిజమే, దాని రాజసం దేనికీ రాలేదు. కానీ 1984లో అది వచ్చినప్పుడు అంత పొడుగు బానెట్ కింద పెట్టింది అంబాసిడర్ తరహా 1.5 లీటర్ల ఇంజను. తర్వాత ఇసుజు 1.8 పెట్టాక గానీ ఆ బానెట్‌కి న్యాయం జరగలేదు. కాంటెస్సా ఊరేగింపుకి పుట్టింది. పాలియో మలుపుకి పుట్టింది. మనకొచ్చిన పాలియో రూపాన్ని దిద్దింది ఇటలీ వాడు జ్యుజారో, ప్రకటనల్లో నడిపింది సచిన్. 2002లో సచిన్ బ్రాడ్‌మన్ 29 సెంచరీల లెక్క అందుకున్నందుకు ఫియట్ వాళ్ళు అతనికి ఫెరారీ బహుమతిగా ఇచ్చారు. "సచిన్‌కి ఫెరారీ, వీడికి పాలియో" అని మా ఆఫీసులో నా మీద చాన్నాళ్ళు నడిచింది ఆ జోకు.

వైజాగులో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకి ఒక కిటుకు తెలుసు: నేవీ ఆఫీసర్ల బదిలీల కాలం కోసం కాచుకుని ఉండాలి. 2004 వేసవిలో అలాగే దొరికింది. అమ్ముతున్న ఆఫీసరుకి కొచ్చికి బదిలీ. సింధియా దగ్గర కలిశాం. కారు చూపించమంటే చూపించకుండా ఎక్కించుకుని నేరుగా యారాడ కొండెక్కించాడు. రెండో మలుపు దగ్గర, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ముల్లు చూపించి, "ముల్లు 4,000 దాటేదాకా ఇది పెద్దమనిషి, దాటాక చూడు" అన్నాడు హిందీలో. చూశాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంజను మోత మారింది, గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టు. కొండ మీద ఆపి తాళం నా చేతిలో పెట్టి, బేరం సంగతి ఎత్తకుండా ఒక షరతు పెట్టాడు. "వారానికి ఒక్కసారైనా దీన్ని గట్టిగా పరిగెత్తించు. ఆపి మాత్రం ఉంచకు." అప్పుడు అది అమ్మేవాడి బెంగ అనుకున్నాను. పదమూడేళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

ఇంటికి తెచ్చాక మా నాన్న చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. ఇనుము కనబడితే చెయ్యి ఊరుకోదు. జేబులోంచి స్కూటరు స్పానర్ తీసి, తలుపుల కింది అంచు వెంట, చక్రాల పైన ఉన్న వంపుల మీద, ఒళ్ళంతా చిన్నగా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. "రేకు గట్టిదేరా. లోపల తుప్పుంటే మొద్దుగా పలుకుద్ది" అన్నాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న: "లీటరుకి ఎంతిస్తాదిరా?"

పద్నాలుగు అన్నాను.

ఊళ్ళో అది తొమ్మిది ఇచ్చేది. మంచి మూడ్‌లో ఉంటే పది. నాన్న పెట్రోలు బంకు చీటీలన్నీ ఏరి డైరీలో ఎక్కించి మూడు వారాల్లో నా బండారం బయటపెట్టాడు. "తొమ్మిదా! మా ప్లాంటు బస్సు నయం గదరా" అన్నాడు. ఆ డైరీ రాయడం మాత్రం మానలేదు. ఆయన పోయాక తీసి చూస్తే ఒకచోట "11.2" అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది. అరకు వెళ్ళొచ్చిన వారం అది.

అర్ధరాత్రి ఓడలు

నేను షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేశాను. ఓడ ఎప్పుడు బెర్తు మీదకి వస్తే అప్పుడు పోర్టులో ఉండాలి. ఓడలకి మన భోజనాల వేళలు, నిద్ర వేళలు పట్టవు. తెల్లవారుజామున రెండున్నరకి పని ముగించుకుని కాన్వెంట్ జంక్షన్ దాటి బీచ్ రోడ్డు ఎక్కేవాణ్ణి. ఇంటికి పావుగంట దారి. చాలాసార్లు లాసన్స్ బే వైపు తిరక్కుండా నేరుగా భీమిలి వైపు పోనిచ్చేవాణ్ణి. ఇప్పుడున్నంత వెడల్పు రోడ్డు కాదది. రుషికొండ దాటాక ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో మలుపులు. తొట్లకొండ దగ్గరికి వచ్చేసరికి చేతులకి పని మొదలయ్యేది.

ఈ కారుని ఎందుకంత ఇష్టపడ్డావు అని అడిగేవాళ్ళకి నేను ఆ మలుపుల గురించే చెబుతాను. ఇప్పటి నా కారు స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతుంది. కింద రోడ్డు తారుదో సిమెంటుదో నాకు తెలియనివ్వదు. సుఖమే, ఆ సుఖం నాకూ కావాలి, నడుం నొప్పి ఉన్నవాణ్ణి. పాలియో స్టీరింగు బరువుగా ఉండేది. ఇసక పేరుకున్న మలుపులో ముందు చక్రాలు ఒక్క పిసరు జారితే అరచేతికి కబురు వచ్చేది. వేగం అరవైయే ఉండొచ్చు. అందులో చట్టవిరుద్ధమేమీ లేదు, వీరత్వమూ లేదు. కానీ ఆ అరవై నేను చేసిన అరవై. ఇప్పుడు వంద దాటినా ఎవరో చేసిపెట్టినట్టుంటుంది.

2006లో సంక్రాంతి వెళ్ళాక అరకు వెళ్ళాం. శృంగవరపుకోట దాటి కాశీపట్నం దగ్గర ఘాట్ మొదలైన దగ్గర్నుంచి అనంతగిరి దాకా ఆ కారుకి నచ్చిన గేరు మూడోదే. రెండులోకి దించితే విసుక్కునేది, నాలుగులోకి వేస్తే నీరసపడేది. మూడులో ఉంచి మలుపు ముందు కాలు తీసి, మలుపు నడుమ కాలు వేస్తే, కాఫీ తోటల మధ్యలోంచి పాకుతూ పోయేది. నేను మురిసిపోతూ, "చూశావా, ఇప్పుడేమంటోందో విన్నావా" అంటూ మా ఆవిడకి ప్రతి మలుపుకీ వ్యాఖ్యానం చెబుతున్నాను. గాలికొండ దగ్గర ఆపినప్పుడు ఆవిడ ఒకటే అంది. "కారు మాటలు వినబడతాయి నీకు. పాప వెనకాల గంట నుంచి నీళ్ళు అడుగుతోంది." ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇక 2014 హుద్‌హుద్ తుపాను. అక్టోబరు 12 సంగతి ఊరివాళ్ళకి నేను చెప్పేదేముంది. మా అపార్టుమెంటు ప్రహరీ మీద వేపచెట్టు పడింది. రెండు గజాలు ఇవతలికి పడుంటే పాలియో మీద పడేది. మా వీధికి 8 రోజులు కరెంటు లేదు. మూడో రోజుకి అందరి ఫోన్లూ చచ్చిపోయాయి. పై అంతస్తు మాస్టారికి గుర్తొచ్చింది, కారు సిగరెట్ లైటర్ సాకెట్‌లో చార్జింగ్ పెట్టొచ్చని. పొద్దున్న ఆరు నుంచి పాలియో చుట్టూ క్యూ. ఇంజను ఆన్ చేసి వదిలేస్తే ఒక్కొక్కరికి పావుగంట. "తొమ్మిదే ఇచ్చే కారు ఎందుకు కొన్నావయ్యా" అని పదేళ్ళు నన్ను ఆడిపోసుకున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు మూడో నంబరు టోకెనుతో, చేతిలో నోకియా పట్టుకుని నిలబడ్డారు. బంకుల దగ్గర అర కిలోమీటరు లైన్లు, నా ట్యాంకులో ఉన్నది పావు వంతు. అయినా ఆపబుద్ధి కాలేదు. ఆ కారు కదలకుండా పనికొచ్చింది ఆ మూడు రోజులే.

కవరు కాలం

2015 మొదట్లో కొత్త డీజిలు కారు కొన్నాం. పాపకి పెద్ద చదువులు, అమ్మకి మోకాళ్ళు, రాజమండ్రి ప్రయాణాలు. సహేతుకమైన కారు. పాలియోని అమ్మడానికి మనసొప్పలేదు. "దాచుకుందాం" అన్నాను. ఆ మాటకి ఇంట్లో అందరూ మెత్తబడ్డారు. మంచి ఖరీదైన కవరు తెచ్చాను, లోపల దూది లాంటి మెత్తటి గుడ్డ, పైన నీళ్ళు దిగని పొర. కడిగి, పాలిష్ పట్టి, నాలుగు మూలలా తాళ్ళు బిగించి కట్టేశాను. మొదట్లో ఆదివారాలు స్టార్టు చేసేవాణ్ణి. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత బ్యాటరీ పోయింది, కొత్తది వేద్దాంలే అనుకున్నాను. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం కిటికీలోంచి కవరు చూపించి, "నా పాలియో" అనేవాణ్ణి. నా మిత్రుడి ఫోటో చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కిటికీయే.

2017లో 15 ఏళ్ళు నిండాయి. ఆర్సీ రెన్యువల్‌కి బండి చూపించాలి. ఒక ఆదివారం కవరు విప్పాను. ముందు వాసన వచ్చింది, మూసిన ట్రంకుపెట్టె తెరిస్తే వచ్చే వాసన. వెనక చక్రం పైన వంపులో రంగు పొక్కులు లేచింది, వేలు పెడితే చితికింది. నాలుగు టైర్లూ ఒకే చోట బరువు మోసి అడుగున చదునైపోయాయి. వెనక బ్రేకులు పట్టేసి బండి కదల్లేదు. బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక కాపురం. నా పాత బనియను ముక్కలతో కట్టుకున్న కాపురం.

కంచరపాలెం నుంచి మేస్త్రి వచ్చాడు. కాళ్ళ కింది మ్యాట్ ఎత్తాడు, స్క్రూడ్రైవరుతో రేకు పొడిచాడు. స్క్రూడ్రైవరు అవతలికి వెళ్ళిపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కవరు అంచు పట్టుకుని నలిపి చూసి, "ఏటి సార్ ఇది. సముద్రం పక్కన కారుకి ఇది కప్పడమంటే అప్పడాల్ని తడిగుడ్డలో చుట్టి దాసుకున్నట్టే" అన్నాడు.

ఈ ఊళ్ళో ఆ సంగతి తెలియనిదెవరికి? మా వంటింట్లో ఉప్పు డబ్బాలో ఎప్పుడూ నాలుగు బియ్యపు గింజలు ఉంటాయి. అయినా శ్రావణమాసం వచ్చేసరికి ఉప్పు ముద్దవుతుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తనంత తానే నీరైపోతుంది. అలల మీంచి వచ్చిన ఉప్పు కవరు సందుల్లోంచి దూరి రేకు మీద కూర్చుంటుంది. పగలు ఎండకి కవరు లోపల ఉక్క, రాత్రికి చెమ్మ, ఆ చెమ్మని ఆరనివ్వని పొర. ఉప్పునీళ్ళలో ఇనుముని నానబెట్టి మూత పెట్టడం కంటే ఇదేం తక్కువ? రోజూ నడిపే కారుని వాన కడుగుతుంది, గాలి ఆరబెడుతుంది. సైలెన్సరులో చేరిన నీళ్ళు వేడికి ఆవిరవుతాయి. బ్రేకు డిస్కు మీద రాత్రి పట్టిన తుప్పుని పొద్దున్న మొదటి సిగ్నల్ దగ్గరే ప్యాడ్లు గీకేస్తాయి. రబ్బరు సీళ్ళు నూనెలో తడుస్తూ మెత్తగా ఉంటాయి. పదమూడేళ్ళు ఎండలో, వానలో, తుపానులో నడిచిన బండికి రానిది రెండేళ్ళ విశ్రాంతికి వచ్చింది.

బిల్లు 38,000 అయింది. నాన్న అప్పటికి లేడు. ఉండుంటే ఆ స్పానర్‌తో నా నెత్తి మీద ఒకటి వేసి శబ్దం వినేవాడు.

కురుసుర మాటేంటి మరి?

ఇక్కడిదాకా చదివి, "ఏసీ షెడ్డులో తేమ ఉండదు కదా, మీ మిత్రుడి కారుకి మీ గోల ఎందుకు" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేకు సంగతి పక్కన పెట్టినా టైరు గట్టిపడుతుంది, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, సీళ్ళు ఎండుతాయి. ఆ ఖర్చు కూడా భరించి అన్నీ మారుస్తూ ఉంటాడు అనుకుందాం. అప్పుడు నా వాదనకి బలం ఎక్కడుంది?

దీనికి గట్టి సవాలు మా బీచ్‌లోనే ఉంది. ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామిని ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియం చేశారు. అది మళ్ళీ ఎన్నడూ మునగదు. నా లెక్క ప్రకారం అది కూడా కవరు కిందున్న కారే. కానీ మా పాపని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఆ ఇరుకు సందులోంచి వంగి వెళ్తూ అది వేసిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఎక్కడ పడుకుంటారు, స్నానం ఎలా, పైకి రాలేకపోతే ఎలా. అన్నిటికీ జవాబు చెప్పింది నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన. ఇన్ని వేల మంది పిల్లలు లోపలికి దూరి తలకి దెబ్బలు తగిలించుకుంటున్నారంటే దాచడంలో తప్పేముంది? 2017లో దాని ఎదురుగా నేవీ విమానం కూడా పెట్టారు, టీయూ-142. అదీ ఎగరదు, అదీ జనంతో కిటకిటలాడుతుంది.

చాలా రోజులు దీనికి సమాధానం దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరికిందనను. నాకు తోచింది ఇది. కురుసురకి చేసే పని మారింది, అంతే. మోసుకెళ్ళేది మానేసి చెప్పడం మొదలుపెట్టింది. దాని గోడలు రోజూ మనుషుల చేతులకి తగులుతున్నాయి. మా మిత్రుడు తన షెడ్డులోకి సొంత కొడుకుని కూడా చెప్పులతో రానివ్వడు. వాడు ఆ నాలుగు కవర్లూ విప్పి, పక్క స్కూలు పిల్లల్ని పిలిచి, ఆ హోండా వీటెక్ ఇంజను ఎందుకు అలా అరుస్తుందో చూపిస్తే నా చప్పట్లు నేను తిరిగి పెట్టేస్తాను.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైంది. పాత కారు పొగ. 2002 ఇంజను, ఎంత బాగా ట్యూన్ చేసినా, ఇవాళ్టి ఇంజనుకంటే మురికిదే. పోర్టు పక్కన బతికేవాళ్ళం, ఆరేసిన చీర మీద నల్లటి దుమ్ము చూసినవాళ్ళం, గాలి గురించి తేలిగ్గా మాట్లాడే హక్కు మాకు లేదు. మా పాప ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, బెంగుళూరులో. అది మొహం మీదే అంది: "నీ సరదాకి మేం దగ్గాలా నాన్నా?" వారానికోసారి ఒక బండి, అని నసిగాను. "అందరూ అదే అంటారు" అంది. ఇక్కడ ఓడిపోయాను. ఓడిపోయానని రాసి ముందుకెళ్తున్నాను, ఎందుకంటే దీని జవాబు నా దగ్గర లేదు. వారానికి ఒక్కరోజైనా నడపాలన్న మాటని మాత్రం వదులుకోలేను.

ప్రభుత్వం పద్ధతి మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000 నుంచి 10,000 చేశారు. పాత బండి వదిలించుకోమని చెప్పడం అది, అర్థం చేసుకోగలను. మరోవైపు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు నిండితే ఆ బండి వింటేజ్, దానికి ప్రత్యేకమైన నంబరు ప్లేటు, గౌరవం. తీరా ఆ గౌరవం వచ్చాక ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. అంటే 20 నుంచి 50 దాకా అది తుక్కు, 50 దాటాక విగ్రహం. నడవగలిగినన్నాళ్ళూ దానికి మర్యాద లేదు, మర్యాద వచ్చేసరికి నడక లేదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ సంగతి గుర్తొస్తే అది నా తప్పు కాదు.

పసుపచ్చ

2019లో అమ్మేశాను. ఇద్దరు అడిగారు. ఒకడు ఆ వాట్సాప్ మిత్రుడే. లక్షా నలభై ఇస్తానన్నాడు, లారీ మీద ఎక్కించుకుని తీసుకెళ్తానన్నాడు, "ప్రాణంలా చూసుకుంటాన్రా" అన్నాడు. ఫోటోలో కవర్లు చూసినప్పుడు నేను ముందు లెక్కపెట్టింది అందుకే: నాలుగోది నాది అయ్యుండేది.

రెండోవాడు గాజువాక ఆటోనగర్‌లో లేత్ పనిచేసే కుర్రాడు. డెబ్భై వేలే తెచ్చాడు, అందులో ఇరవై వాళ్ళ అక్కవి. బానెట్ ఎత్తలేదు, కిలోమీటర్లు చూడలేదు. "రోజూ నడపొచ్చా సార్? అనకాపల్లి నుంచి రావాలి నాకు" అన్నాడు. తాళం వాడికిచ్చాను. మా ఆవిడ డెబ్భై వేలు లెక్కపెట్టి, మిగతా డెబ్భై ఎక్కడ అన్నట్టు నా వైపు చూసి, ఏమీ అనకుండా బీరువాలో పెట్టింది.

ఇదంతా ఏదో త్యాగంలా రాస్తున్నానేమో, అందుకని తర్వాతది కూడా చెప్పాలి. ఆరు నెలలకి హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఒక మోత వినబడింది. పక్కకి చూస్తే పసుపచ్చ పాలియో. నా ఎర్ర పాలియోకి వాడు పసుపచ్చ రంగు కొట్టించాడు. వెనక పీపా లాంటి సైలెన్సరు, బానెట్ మీద నల్లచారలు, వెనక అద్దం మీద హనుమంతుడు. వాడు నన్ను చూసి గర్వంగా హారన్ కొట్టాడు. నేను నవ్వాను, పళ్ళు బయటపెట్టి. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. లారీ మీద హైదరాబాదు పంపించి ఉంటే ఎర్రగానే ఉండేది కదా అనుకున్నాను. ఇంత రాసిన మనిషిని, నిజంగానే అనుకున్నాను.

నా ఇష్టం మీద నాకు అనుమానం మొదలైంది అక్కడే. నాకు కావాల్సింది కారు నడవడమా, లేక 2004లో నాకున్న ముప్ఫై రెండేళ్ళ వయసు ఎర్రగా అలా నిలిచి ఉండడమా? రెండోది అయితే, నాకూ కవరు మిత్రుడికీ తేడా లేదు. వాడు కారుకి కప్పాడు, నేను మాటలతో కప్పుతున్నాను. రంగు చూసి బాధపడ్డాను గానీ, ఆ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే వాడు గేరు మార్చిన తీరు చూశాను. తొందరపడలేదు, ముల్లు ఎక్కనిచ్చి, అప్పుడు రెండో గేరు వేశాడు. ఆ కారుకి ఏం కావాలో వాడికి తెలిసిపోయింది. నాకది తెలియడానికి ఏడాది పట్టింది.

పోయిన శనివారం వాడు ఫోను చేశాడు. ఓడోమీటరు ఎప్పుడో రెండు లక్షలు దాటిందట. 2022లో ఐదు వేలు కట్టి రెన్యువల్ చేయించాడు, 2027లో మళ్ళీ చేయించాలి, ఈసారి పది వేలు. దానికి ముందు అడుగు రేకు ఎంతవరకు కోసి వెల్డింగ్ చేయించాలో తెలియట్లేదు, ఒకసారి వచ్చి చూస్తారా సార్ అన్నాడు. ఆదివారం పొద్దున్న ఆటోనగర్ వెళ్ళాను. బండిని జాకీల మీద ఎత్తి ఉంచాడు. ముందు సీటు మీద వాళ్ళ చిన్నవాడు కూర్చుని స్టీరింగు తిప్పుతూ నోటితో ఇంజను శబ్దం చేస్తున్నాడు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఒక ఫోను చార్జింగ్ అవుతోంది.

"పదమూడో నంబరు స్పానర్ ఒకటి ఇవ్వు" అన్నాను. ముందు తలుపు కింద మొదలుపెట్టి కొట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ఠంగ్, ఠంగ్, ఠంగ్. చిన్నవాడు లోపల శబ్దం చేయడం ఆపేసి వింటున్నాడు. ఎడమ వెనక చక్రానికి జానెడు ముందు మొద్దుగా పలికింది. ఇంకో నాలుగు దెబ్బలు వేసి చుట్టూ ఎక్కడిదాకా ఉందో చూసుకుని, వాడి దగ్గర సుద్దముక్క తీసుకుని ఆ పసుపచ్చ మీద గుండ్రంగా గీశాను.